సీరియస్ అని చెప్పు

ఈ ఏడు ఎనిమిదో తరగతికి ఒక మాట అర్థం చెప్పకుండా దాటేశాను. పాఠం చివర కొత్త మాటలు పది ఇచ్చారు. తొమ్మిదింటికి అర్థాలు బోర్డు మీద రాసి, చాక్‌పీసు డబ్బాలో పడేసి, పుస్తకం మూశాను. ముందు బెంచీలో అమ్మాయి లేచి, సీరియస్ మిగిలిపోయింది మేడం అంది. అది మీకు తెలిసిందే కదా, కూర్చో అన్నాను. తెలిసిందే అని తరగతంతా ఒక్క గొంతుతో అంది. నిజమే, జహీరాబాద్‌లో ఆ మాట తెలియని వాళ్లెవరు? నాకూ తెలుసనే అనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నదాన్ని.

ఆ మాటను నేను ఒకసారి తప్పుగా అర్థం చేసుకున్నాను. దానివల్ల మా అక్క దగ్గరికి ఒక రోజు ఆలస్యంగా వెళ్లాను. ఆ ఒక్క రోజులోనే అక్క పోయింది. తర్వాత ఏడాది పాటు మా బావ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె అని ఊరుకునే మనిషి కాదు ఆయన నాకు. నా తప్పు ఎట్లా జరిగిందో ఆయనకు ఒకసారి చెప్పుకోవాలి, ఆయన వినాలి. ఆ ఏడాదంతా నాకు మిగిలిన పని అదొక్కటే.

మా ఊళ్లో ఆ మాట ఎన్ని రకాలుగా తిరుగుతుందో చెప్తే తప్ప నా తప్పు అర్థం కాదు.

తల్లిదండ్రులను పిలిపించిన రోజున ఒక తండ్రి వచ్చి నా టేబుల్ ముందు నిలబడతాడు. "మావోడు సదువు మీద సీరియస్ లేడు మేడం. మీరు జర సీరియస్ అయితె దారికొస్తడు" అంటాడు. ఒక్క ఊపులో రెండుసార్లు అదే మాట. మొదటిది శ్రద్ధ, రెండోది కోపం. ఆయన తడబడడు, నేనూ తడబడను. హెడ్మాస్టరు సీరియస్ అయ్యారంటే ఆ పూట ఎవరూ ఆయన గదికి పోవద్దని. ఫలానా సినిమా సీరియస్ అంటే నవ్వు లేదని, టికెట్టు దండగని. ఇంటర్ చదివే పిల్లా పిల్లవాడూ సీరియస్ అట అంటే ప్రేమ ముదిరిందని, ఇక ఇళ్లలో తెలియడమే తరువాయి అని. సంతలో అల్లం పోసుకుని కూర్చున్నామె కూడా, సీరియస్‌గ తీసుకుంటవా ఊకె అడుగుతున్నవా అని నన్ను నిలదీసింది. మా లెక్కల సారు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. నేను పిల్లల మీద అరిచి వచ్చి కూర్చుంటే, సీరియస్ నక్కో లేవ్ మేడం అని చాయ్ కప్పు నా వైపు జరుపుతాడు. మనసుకు పట్టించుకోకు అని. పిల్లలు నాకు వెనకాల పెట్టుకున్న పేరు సీరియస్ మేడం. నాకు తెలుసు. తెలిసినట్టు కనిపించను.

నా దగ్గర అట్ట ఊడిన నిఘంటువు ఒకటుంది. అక్క పోయాక ఒకరోజు దాన్ని తీసి చూశాను. గంభీరమైన, ముఖ్యమైన, నిజమైన, అపాయకరమైన అని వరసగా ఉన్నాయి. కోపం లేదు. మళ్లీ చూశాను, లేదు. ఇంగ్లీషు వాళ్లు ఆ మాటలో కోపం పెట్టలేదు. అది మనం కలుపుకున్నది. ఎవరు, ఎప్పుడు కలిపారో తెలియదు గాని, పిండిలో ఉప్పులాగ కలిసిపోయింది, ఇప్పుడు విడదీయలేం. సీరియస్ అయింది అని తెలుగులో అంటే కోపమొచ్చింది అనే. ఇంకో అర్థం ఆ పూటకు ఎవరికీ తట్టదు.

ఇక మిగిలింది దవాఖాన సీరియస్. ఫలానా ఆయన సీరియస్ ఉన్నడంట అని చెవిన పడితే చాలు, గిరాకీ ఉన్నా షట్టర్ దించి వెళ్లిపోతారు. అప్పుడు ఎవరూ ఏమిటి, ఎందుకు అని అడగరు. చెప్పులు వేసుకుంటారు, అంతే.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఐదో తరగతి దాకా చదివింది. కోహీర్ అవతల బావ వాళ్లకు నాలుగెకరాల జామ తోట ఉంది. తోటలోనే ఇల్లు. అక్కకు ఇంగ్లీషు మాటలంటే మోజు. ఎక్కడ విన్నా పట్టుకొచ్చేది. టీవీలో విన్నది, బస్సులో విన్నది, నా దగ్గర విన్నది. ఒక మాట వాడేది, వాడి వెంటనే నా మొహంలోకి చూసి, "కరెక్టేనా?" అనేది. నేను తలాడిస్తే వెలిగిపోయేది. తప్పయితే చెవిలో చెప్పేదాన్ని. ఆ కరెక్టేనా అన్నది కూడా ఇంగ్లీషేనని ఆమెకు ఎప్పుడూ గుర్తుండేది కాదు. మా ఇద్దరికీ ఇరవై ఏళ్ల ఆట అది. ఒకసారి ఫోన్ చేసి ఏం సంగతి అని కూడా అడగకుండా, డిసప్పాయింట్ అంటే మోసమా, బాధనా అంది. బాధ అన్నాను. సరే అని పెట్టేసింది. ఏం బాధో చెప్పలేదు, నేనూ అడగలేదు.

బావది బీదర్ వైపు. ఇంట్లో కన్నడం. ముప్పై ఏళ్లు ఇక్కడే కాపురం చేసినా ఆయన తెలుగు ఆయనదే. మనసులో కన్నడంలో అనుకుని, ముక్క ముక్కగా తెలుగులోకి దించుకుంటాడు. భోంచేశావా అనడు, ఊట అయిందా అంటాడు. తక్కువ మాట్లాడతాడు. ఫోన్ అయితే అసలు చేయడు. అక్కే ఆయన ఫోన్ తీసుకుని నాకు చేసేది.

నిరుడు కార్తీకంలో మా బడి వాళ్లందరం వనభోజనాలకు ఆ తోటకే వెళ్లాం. నేనే తీసుకెళ్లాను. గొప్ప కోసం తీసుకెళ్లానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మా అక్క వాళ్ల తోట అని నలుగురికీ చూపించాలని. అక్క పొద్దుటి నుంచి రాళ్ల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కాల్చింది. పుంటికూర, పల్లీల పొడి, పెరుగు. మా హెడ్మాస్టరు నాలుగో రొట్టె వేయించుకుంటూ, మీ చెల్లెలంటే బడిలో అందరికీ హడల్ అన్నారు. అక్కకు అది చాలు.

"ఇంట్ల గూడ గిట్లనే సార్. సిన్నప్పటి సంది సీరియస్ కేసు" అంది. అని, అలవాటు ప్రకారం నా వైపు తిరిగింది. "కరెక్టేనా?"

అందరూ నన్నే చూస్తున్నారు. తలాడిస్తే అయిపోయేది. ఒక్క తల ఊపు. కానీ నాకు ఆ క్షణాన సిగ్గేసింది. నలుగురు టీచర్ల ముందు మా అక్క ఇంగ్లీషు తప్పు మాట్లాడింది, నేను ఊరుకుంటే నాకూ రాదనుకుంటారేమో అనిపించింది. అంత చిన్న బుద్ధి నాది. తరగతిలో చెప్పినట్టు గొంతు పెంచి చెప్పాను. "కాదక్కా. సీరియస్ కేసు అంటె దవాఖానల మంచం మీద ఉండేటోల్లు. నేను మంచిగనే ఉన్న."

అందరూ నవ్వారు. అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఇంకోసారి చెప్పాను, ఇంకాస్త నవ్వారు.

అందరూ చెట్ల మధ్యకు వెళ్లాక బోరు దగ్గర గిన్నెలు తోముతూ అక్క మెల్లగా అంది. "కరెక్టేనా అని నిన్నే ఎందుకడుగుత? నువ్వు నా మనిషివని. నలుగుర్ల నవ్విస్తవని కాదు."

నాకు తప్పు తెలిసింది. తెలిసిన కొద్దీ కోపమొచ్చింది. తప్పు మాట్లాడితే తప్పనే చెప్తారు, దానికి ఇంత రాద్ధాంతమా అన్నాను. అక్క గిన్నె బోర్లించి లేచిపోయింది. బస్సెక్కేటప్పుడు అందరికీ జామకాయల సంచులు ఇచ్చింది. నాకూ ఇచ్చింది గాని నా మొహంలోకి చూడలేదు.

తర్వాత ఇరవై రోజులు తను ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. మా అక్కాచెల్లెళ్లకు అలకలు కొత్త కాదు. ఒకసారి చీర రంగు గురించి నెల రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఎవరో ఒకరు ఏమీ జరగనట్టు ఫోన్ చేస్తారు. ఈసారి తనే చేయాలని నేను పంతం పట్టుకు కూర్చున్నాను. తప్పు నాదైనా సరే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టాఫ్ రూంలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. బావ ఫోన్ నుంచి పిలుపు వచ్చింది. అక్కే అనుకున్నాను. కాదు, బావే. ఆయన గొంతు ఫోన్‌లో విని ఎన్నేళ్లయిందో, మొదట పోల్చుకోలేకపోయాను.

"మీ అక్క శాన సీరియస్ అయింది" అన్నాడు. "నీ పేరే తీస్తున్నది. జర వచ్చిపో."

నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. ఇరవై రోజులు బిగపట్టుకుని, చివరికి మొగుడితో ఫోన్ చేయిస్తోంది అనుకున్నాను. తోటలో కూర్చుని నా పేరు తీసి తిడుతుంటే పడలేక ఈయన నన్ను రమ్మంటున్నాడు అనుకున్నాను. కడుపులో హాయిగా కూడా అనిపించింది, అలక ఇక తీరినట్టేనని. కాకపోతే పిలవగానే పరుగెత్తితే నా పంతం ఏం కాను? ఆయన వెనకాల ఏవో చప్పుళ్లు వినిపించాయి. ఎవరో పేర్లు పిలుస్తున్నారు. చక్రాల చప్పుడు. జామకాయలు మార్కెట్‌కు తెచ్చాడేమో అనుకున్నాను.

"ఉండనియ్యి బావా. సల్లవడ్డంక వస్త" అన్నాను.

గంట కొట్టారు. ఉంటాను మరి అని పెట్టేశాను. పక్కనున్న లెక్కల సారు ఎవరు మేడం అంటే, మా అక్క సీరియస్ అయిందట అని నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆయనకూ ఆ ఇంకో అర్థం తట్టలేదు. ఈ సంగతి నేను తర్వాత చాలాసార్లు తలచుకున్నాను, సాక్ష్యం కోసం తలచుకున్నట్టు.

మర్నాడు పదకొండు గంటలకు అక్క కూతురు ఫోన్ చేసింది. తనకు పెళ్లయి బీదర్‌లో ఉంటుంది. తండ్రిని కన్నడంలో అప్ప అంటుంది.

"అమ్మ పోయింది చిన్నమ్మా" అంది.

నేను ఏమన్నానో గుర్తు లేదు. తను ఏడుస్తూ చెప్పింది. నాలుగు రోజుల నుంచి జ్వరమట. రక్తంలో కణాలు పడిపోతుంటే బీదర్ దవాఖానకు తెచ్చారట. చిన్నమ్మకు పరీక్షల రోజులు, చెప్పొద్దు అని అక్కే ఆపిందట. నిన్న మధ్యాహ్నం ఒంట్లోకి నీరు చేరి, ఊపిరి కష్టమయ్యాక తనే చెప్పమందట. అంతా చెప్పి, చివర్న అడిగింది.

"అప్ప నిన్న ఫోన్ చేసిండు గద. ఎందుకు రాలె?"

నా ముందు ఒక పేపరు సగం దిద్ది ఉంది. ఫోన్ పెట్టాక ఆ పేపరు పూర్తిగా దిద్దాను. మార్కులు కూడాను. ఒకటి తక్కువ వచ్చిందని మళ్లీ కూడి సరిచేశాను. సంతకం పెట్టి, కట్ట కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పుడు వెళ్లి హెడ్మాస్టరుకు చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. నేను సెలవు చీటీ రాసిచ్చాను. అందులో కారణం అన్నచోట అక్క మరణం అని రాసిన అక్షరాలు చాలా అందంగా కుదిరాయి.

తోటకు వెళ్లేసరికి అక్కను తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. చెయ్యి తీసేశాను. కొంగు మడత ఒకవైపు జారి ఉంటే సర్దాను. నాకు ఏడుపు రాలేదు. ఎవరో ఆడమనిషి, తోడబుట్టింది, కండ్ల నీళ్లు సుత రాలె సూడు అనడం వినిపించింది. ఆమె అన్నది నిజమే కాబట్టి కోపం కూడా రాలేదు. బావ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. కోపానికి నాకు జవాబు తెలుసు. ఏమీ లేదు. తల తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు.

వారం తర్వాత బడికి పోయాను. అన్ని పనులూ చేశాను. హాజరు వేశాను, పాఠం చెప్పాను, ఇంటికొచ్చి అన్నం వండాను. పళ్ల డాక్టరు సూది వేశాక చెంప ఉంటుంది చూడండి, మనదే గాని మనది కానట్టు, కొరుక్కున్నా తెలియదు. అట్లా ఉంది లోపలంతా. మందు దిగిపోతే నొప్పి తెలుస్తుందని చూశాను. దిగలేదు. నెలలు గడిచాయి. పిల్లలు అల్లరి చేసినా అరవడం మానేశాను. సీరియస్ మేడం మారిపోయిందని వాళ్లు అనుకున్నారట. లెక్కల సారు చాయ్ కప్పు జరుపుతాడు గాని ఆ మాట మాత్రం మళ్లీ అనలేదు. ఆయనకు నేనే చెప్పాను జరిగింది.

అక్క కూతురికి కూడా ఫోన్‌లో చెప్పాను. నాకు గట్ల అర్థమైంది బిడ్డా అన్నాను. అప్పకు చెప్పు చిన్నమ్మా అంది తను.

చెప్పాలనే పోయాను, చాలాసార్లు. నేను గేటు తీసేసరికి బావ చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టి తోటలోకి వెళ్లిపోయేవాడు. మర్యాదకు లోటు లేదు. మాటే లేదు. వెనకాల వెళ్తే ఇంకో సాలులోకి మళ్లేవాడు. నేను అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, చెంబు బోర్లించి, బస్సెక్కి వచ్చేదాన్ని.

ఆ బస్సుల్లో నాకు ఆయన మీద మెల్లగా కోపం పెరిగింది. నేను ఇట్లాంటి మనిషినే, నా తప్పులో ఇంకొకరికి వాటా దొరికితే వదలను. పానం బాగలేదు అని చెప్పొచ్చు కదా. అక్షరం రాని వాళ్లు కూడా అదే అంటారు. పానం బాగలేదు అంటే నేను పేపర్లు అక్కడే పడేసి పరుగెత్తేదాన్ని. దవాఖానల ఉన్నది అనొచ్చు. బీదర్ తెచ్చినం అనొచ్చు. ఇన్ని మాటలుండగా, నాలుగు ఇంగ్లీషు మాటలు రాని మనిషి ఏరి ఏరి ఆ ఒక్కటే ఎందుకు అన్నాడు? పైగా సీరియస్ అయింది అని. ఒకసారి బస్సులో పక్క సీటామె కన్నడంలో ఫోన్ మాట్లాడుతుంటే విన్నాను. ఎవరి గురించో, సీరియస్ ఆగ్యాళ అంది. అని కళ్లు తుడుచుకుంది. అప్పుడు అర్థమైంది. బావ దాన్నే తెలుగు చేశాడు. కన్నడంలో అది మంచాన పడింది, తెలుగులో కోపానికొచ్చింది. సరిహద్దులో చిరాగ్‌పల్లి దాటితే ఒక అర్థం, దాటకపోతే ఒక అర్థం. అర్థమైనందుకు నాకేమీ ఒరగలేదు. కాకపోతే చెప్పుకోవడానికి ఒక పాఠం దొరికింది. ఆ పాఠాన్ని రోజూ మనసులో తయారు చేసుకున్నాను.

ఈ మధ్యనే అక్క ఏడాది అయింది. వచ్చిన వాళ్లు భోంచేసి మూడింటికల్లా వెళ్లిపోయారు. అక్క కూతురు లోపల గిన్నెలు సర్దుతోంది. బావ తోటలో చెట్టు కింద గోనె పరిచి, తెంపిన జామకాయలు ఏరుతున్నాడు. గట్టివి ఒక డబ్బాలో, రంగు తిరిగినవి ఒక డబ్బాలో. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఈసారి ఆయన లేవలేదు. చుట్టూ కాయలున్నాయి, లేస్తే తొక్కాలి. నేను కూడా ఒక కాయ తీసుకుని చూసి డబ్బాలో వేశాను. అట్లా కాసేపు ఇద్దరం ఏరాం.

తర్వాత చెప్పాను. ఏడాదిగా తయారు చేసుకున్నదంతా చెప్పాను. తోటలో జరిగిన గొడవ, ఇరవై రోజుల అలక, తెలుగులో ఆ మాటకు ఉన్న అర్థం, కన్నడంలో ఉన్న అర్థం, బస్సులో విన్న మాట. తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ఆయన తల వంచుకుని కాయలు ఏరుతూనే విన్నాడు.

"సీరియస్ అంటె గుస్స అనుకున్నవా" అన్నాడు చివరికి.

"ఆ, బావా."

"మా దిక్కు గట్ల అనరు. గుస్స అయితె సిట్టు వచ్చింది అంటరు." ఒక కాయ తీసి, తిప్పి చూసి, గట్టివాటిలో వేశాడు. "నువ్వు సల్లవడ్డంక వస్త అంటివి. మనిషి సల్లవడ్డంక వచ్చి ఏం జేస్తది అనుకున్న. గట్లనే వచ్చినవ్ గద."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. అక్క చల్లటి నుదురు తగిలిన చెయ్యి అది. ఏడాదంతా ఆయన మాటకు అర్థాలు వెతికాను. నిఘంటువు తిప్పాను. నేనన్న మాటకు ఇంకో అర్థం ఉంటుందని ఒక్క రోజు కూడా తోచలేదు. నా తెలుగు మీద నాకు అంత నమ్మకం.

"నేను కోపం సల్లవడ్డంక అన్న బావా" అన్నాను.

ఆయన తలాడించాడు. ఇప్పుడు తెలిసింది అన్నట్టు. అంతే. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను భరించలేకపోయాను. తిట్టినా బాగుండేది. ఏడాది కోపం అప్పుడు నోట్లోకి వచ్చింది.

"పానం బాగలేదు అని ఒక్క మాట అంటె ఐపోతుండె గద బావా. గా ఇంగ్లీషు మాట నీకెందుకు?"

ఆయన చేతులు ఆగాయి. మొదటిసారి నా మొహంలోకి చూశాడు. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టు చాలాసేపు చూశాడు.

"నేను గట్లనే అందామనుకుంటి" అన్నాడు. "పానం బాగలేదని చెప్త, వస్తది అంటి. మీ అక్కే ఒద్దన్నది. సీరియస్ అని చెప్పు అన్నది. సీరియస్ కేసు ఇయాల నేనే, గిప్పుడు కరెక్టేనా అని అడుగు, నవ్వుకుంట ఉరికొస్తది అన్నది."

నేను చేతిలోని కాయను ఒకసారి తిప్పి చూశాను.

"నాకు గంత అడగరాలె. సగమే చెప్పిన, నువ్వు పెట్టేసినవ్" అన్నాడు. "లోపటికి పోతె, ఏమన్నది అన్నది."

"నువ్వేం చెప్పినవ్ బావా?"

"కరెక్టే అన్నదని చెప్పిన. బైలెల్లింది అని చెప్పిన." కాయల మీదికి వంగాడు. "నవ్వింది. పొద్దూకేదాంక తలుపు దిక్కే సూసింది."

ఇంట్లో అక్క కూతురు గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నా చేతిలోని కాయను ఏ డబ్బాలో వేయాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. చెంపలో సూదిమందు దిగుతున్నట్టుంది, ఎక్కడో సన్నగా నొప్పి మొదలైంది.

"కరెక్టే బావా" అన్నాను. "అక్క కరెక్టుగనే అన్నది."